పాతరకే పాతర!

‘హామీలకు పాతర’, ‘చట్టానికి పాతర’, ‘ప్రజాస్వామ్యానికి పాతర’. పేపర్లు తిరగేస్తే పాతర అనే మాట ఇట్లనే కనబడుతది. కాలేజీల చదివే పిల్లలను అడిగితే పూడ్చిపెట్టుడు అనే చెప్తరు. వాళ్ళ తాతలను అడుగుండ్రి. పండిన జొన్నలను భూమి కడుపుల దాచుకొని, మళ్ళ పంట చేతికొచ్చే దాక ఇల్లు గడుపుకున్న గోతి పేరు పాతర. పాతిపెట్టుడు నుంచే ఆ మాట పుట్టిందన్నది నిజమే. కానీ రైతు పాతిపెట్టింది మళ్ళ తీసుకునెటందుకు. పాలకులు పాతిపెట్టేది మళ్ళ కనబడకుండ చేసెటందుకు. ఆఖరికి పాతరనే పాతరేసిండ్రు.

పాతర తవ్వుడు ఆషామాషీ పని కాదు. నీళ్ళు నిలవని మెరక జాగ, గట్టి నేల చూసుకోవాలె. మూతి మనిషి దిగేటంతే, లోపల కడుపు కుండ లెక్క వెడల్పు. లోపల మంట పెట్టి తేమను చంపి, గోడలకు మట్టీ పేడా మెత్తి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, బాగ ఎండిన జొన్నలు పోసి, పైన మళ్ళ గడ్డి కప్పి, బండ పెట్టి, మట్టితోని మూతి మూసేది. గాలి చొరకుండ మూస్తే లోపలున్న ప్రాణవాయువును గింజలూ పురుగులే తాగేస్తయి. బొగ్గుపులుసు వాయువు పెరిగి పురుగు ఊపిరాడక సస్తది. మందు లేదు, కరెంటు లేదు. తెరిచినంక గాలాడనిచ్చి గానీ మనిషి దిగకపోయేది. తొందరపడి దిగినోళ్ళ ప్రాణాలు పోయినయి గూడ.

ఇది వెనుకబాటుతనమని నవ్వేటోళ్ళకు ఒక మాట. ఇంగ్లండుల రెండు వేల ఏండ్ల కిందటి డేన్‌బరీ కోటల ఇసుమంటి గోతులే వందల కొద్ది బయటపడ్డయి. మొరాకోల, సూడాన్‌ల రైతులకు ఇవి ఎరుకే. అమెరికాల పర్డ్యూ యూనివర్సిటీ గాలి చొరని సంచులను ఆఫ్రికా రైతులకు అందించింది. ఆ సంచిల ఉన్నది మన పాతర సూత్రమే. మనోడు తవ్వితే మోటు, వాళ్ళు కుడితే టెక్నాలజీ!

లోపాలు లేవని కాదు. గోడ పక్క గింజ రంగు మారుతది, వాసన కొడుతది. ఎక్కువ రోజులున్న గింజ మొలకెత్తదు. అందుకే విత్తనాలను బూడిద, యాపాకు కలిపి వేరేగ దాచుకున్నరు. ఊటొచ్చే నేలల, కాలువ కింది వరి మడుల పక్కన పాతర పనికిరాదు. అది మెట్ట నేల నేర్పిన తెలివి. దాని అసలు విలువ ఆగగలిగే బలం. గింజ ఇంట్ల ఉన్నోడు ధర కోసం ఆగుతడు. గింజ లేనోడు అడిగిన ధరకు అమ్ముకుంటడు.

దొరలకు ఈ సంగతి అందరికన్నా ముందే ఎరుక. అందుకే ఊర్ల పెద్ద నిల్వలు గడీలవే. వానకాలం తిండికి లేని పేదలు నాగుకు గింజలు తెచ్చుకొని, పంటకు వడ్డీ గింజలతోని కలిపి కొలిచిచ్చిండ్రు. రెండో ప్రపంచ యుద్ధం కాలంల నిజాం సర్కారు లెవీ పెడితే చిన్న రైతు ఇల్లు ఊడ్చిండ్రు, దొర నిల్వల జోలికి పోలేదు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకపోవాలని చూస్తే సంఘపోళ్ళు కోసి ఆమె ఇంటికి చేర్చిండ్రు. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. ఆ పోరాటం భూమి కోసమే కాదు, గింజ ఎవరింట్ల ఉండాలె అన్నదాని మీద గూడ. దొరల ధాన్యాన్ని ప్రజలు పంచుకున్నది అందుకే.

మరి మెట్ట రైతు పాతరను ఎవరు మూసిండ్రు? 1965ల ఎఫ్‌సీఐ వచ్చింది. గింజ దాచే పని ఊరి చేతిలకెళ్ళి దూరపు గోదాములకు పోయింది. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినయి. పేదోని కడుపు నిండింది, కాదనం. కానీ ఆ సర్కారు జొన్ననెందుకు కొనలేదు? మెట్ట పంటకు ఆ గౌరవం ఎందుకియ్యలేదు? పైగా తెలంగాణోళ్ళకు అన్నం తినుడు మేమే నేర్పినమని ఇప్పటికీ అనేటోళ్ళున్నరు. జొన్న పోయిన జాగల పత్తి వచ్చింది. పత్తిని తినలేము, పాతరల పెట్టలేము. 1997-98ల పురుగు పడి పత్తి పోయినప్పుడు వరంగల్ జిల్లా రైతులు పురుగుమందే తాగిండ్రు. ఇంట్ల జొన్న గూడ లేనోనికి అప్పులోని ముందు ఆగే బలం ఎక్కడిది?

అదంతా పరాయి పాలన అనుకుందాం. 2014ల మన రాష్ట్రం మనకొచ్చింది. 2015ల మిషన్ కాకతీయ పెట్టి కాకతీయుల చెరువులను యాది చేసుకున్నరు. సంతోషం. నీళ్ళు దాచే తెలివిని యాది చేసుకున్నోళ్ళకు గింజ దాచే తెలివి ఎందుకు యాదికి రాలేదు? 2019ల కాళేశ్వరం ప్రారంభించిండ్రు. వడ్లు గుట్టలైనయి. పెట్టే జాగ ఏది? 2021 చివర కొంటరా కొనరా అని ఢిల్లీ, హైదరాబాదు కొట్లాడుకుంటుంటే రైతు కుప్పల కాడ కావలి పడుకున్నడు. 2023 ఏప్రిల్, మే నెలల అకాల వానలకు కొనుగోలు కేంద్రాలల వడ్లు తడిసి మొలకలొచ్చినయి. తేమ 17 శాతం దాటితే కొనరు, కొన్నా తరుగు తీస్తరు. ఆరబెట్టే కల్లం మాత్రం చూపరు. రోడ్డే కల్లం, మబ్బే కప్పు!

మిర్చి కథ గూడ ఇదే. వరంగల్ చుట్టూ కోల్డ్ స్టోరేజీలున్నయి. కిరాయి కట్టి ఆగగలిగినోనికే అవి అక్కరకొస్తయి. 2017 ఏప్రిల్‌ల ఖమ్మం మార్కెట్‌ల ధర పడిపోయి మిర్చి రైతులు తిరగబడితే వాళ్ళ చేతులకు బేడీలేసిండ్రు. ఇంకో ముచ్చట. మార్కెట్ గోదాముల పంట పెట్టి దాని మీద అప్పు తీసుకునే పథకానికి ఉమ్మడి రాష్ట్రంల ‘రైతుబంధు’ అని పేరుండె. 2018ల ఆ పేరును పెట్టుబడి సాయానికి పెట్టిండ్రు. పంట ఆపుకునే రైతుకు ఆసరా కావలసిన పథకం ఎంతమంది రైతులకు ఎరుక?

మళ్ళ గోతులు తవ్వుకొమ్మంటరా అని కొందరు ఎక్కిరిస్తరు. వానకు తడిసే వడ్లను గోతిల పొయ్యమని ఎవరూ చెప్తలేరు. పాతర ఇచ్చిన బలాన్ని తిరిగి ఇయ్యుమంటున్నం. ఊరూరికి సిమెంటు కల్లం, కప్పున్న గోదాం గావాలె. అది ఊరి చేతులనే ఉండాలె. అందుల పెట్టిన గింజ మీద కౌలు రైతుకు గూడ వడ్డీ లేని అప్పు రావాలె. ఎందుకంటే ఎరువుల దుకాణంల బాకీ ఉన్నోడు గోదాం ఉన్నా ఆగలేడు. 2025 ఉగాది నుంచి రేషన్‌ల సన్నబియ్యం ఇస్తున్నరు. దాని పక్కన జొన్నలు గూడ పెట్టుండ్రి, ఏ ఊర్ల పండినయి ఆ ఊర్లనే కొని, దాచి, పంచుండ్రి. ఇది కాని పనేం గాదు. జహీరాబాద్ దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 1990లలనే చేసి చూపించిండ్రు.

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! నీళ్ళు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. గింజలు అన్న మాట ఆ వరుసల లేకపాయె. ఇప్పుడన్నా చేర్చుదాం. ఈసారి ఊరికి పోయినప్పుడు గ్రామసభల నిలబడి ఒక్క ప్రశ్న అడుగుండ్రి: మా ఊరి గింజకు మా ఊర్ల జాగ ఏది? జవాబు చెప్పని నాయకుని ఓటు పెట్టెను ఖాళీగనే ఉంచుదాం.