ఉస్తాదు కోరిన వరము

కళాకారుడు కీర్తిని కోరుట సహజము. ఆ కోరిక దోషమని మేము తలచుట లేదు. కీర్తి ఇంటికి వచ్చి కూర్చున్న తరువాత సాధన ఏమగుననునదే మా ప్రశ్న. దీనికి షెహనాయి విద్వాంసులు ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ తమ జీవితముతో సమాధాన మిచ్చినారు.

1916లో బీహారులోని డుమ్రావులో జన్మించిన ఆయన బాల్యముననే కాశీ చేరి మేనమామ అలీబక్ష్ వద్ద విద్య నేర్చినారు. పెండ్లి పందిళ్ళలోను, ఆలయ ద్వారముల వద్దను మంగళవాద్యముగా నుండిన షెహనాయిని కచేరీ వేదిక కెక్కించినారు. 1947లో స్వాతంత్ర్యోదయవేళ ఢిల్లీలో ఆయన వాద్యము మ్రోగినది. 2001లో భారతరత్న లభించినది.

ఇంతటి వారు ఎనుబదియేండ్ల వయస్సున కూడ నమాజు పిదప దైవమును కోరినది ఒక్క నిజమైన స్వరము! స్వరము తమ సొత్తని ఆయన ఏనాడును భావింపలేదు. మన యువకులు షడ్జము నిలువకముందే కొత్త బాణీ కట్టవలెనని తొందరపడుచున్నారు. గంగ యొడ్డున బాలాజీ మందిరములో ఏండ్ల తరబడి చేసిన అభ్యాసములోనుండియే ఉస్తాదుగారి కొత్తదనము పుట్టినది.

భారతరత్న పొందియు చిరిగిన లుంగీ కట్టుకొని అతిథులను కలియుట తగునా యని ఒక శిష్యురాలు భయపడుచునే అడిగినదట. బిరుదు షెహనాయికి వచ్చినది కాని లుంగీకి కాదని ఆయన నవ్వినారు. లుంగీ చిరిగిన కుట్టుకొనవచ్చును, స్వరము మాత్రము చిరుగరాదని వారి భయము.

ఇది కలిమిలో పుట్టిన నిశ్చింత యనరాదు. ఇంటినిండ బంధువర్గము, వృద్ధాప్యమున ధనపు ఇబ్బందులు ఆయనకును తప్పలేదు. అయినను కాశీని విడువలేదు. అమెరికాలో స్థిరపడుమని పిలిచినవారిని గంగను అక్కడికి తేగలరా యని అడిగినారు. మొహర్రం దినములలో కచేరీలు మానెడివారు. ఎనిమిదవ నాడు మాత్రము కన్నీటితో నౌహా వాయించుచు కాలినడకన సాగెడివారు. (నౌహా యననేమో మన పాఠకులలో పలువురికి మేము చెప్పనక్కరలేదు.) వాద్యమును క్రింద పెట్టవలసిన దినములు కూడ ఆయనకు తెలియును. ఆ శాంతికి మూలము కొంత ఇందున్నదని మా అభిప్రాయము.

కాశీదాక పోనేల? ఒంగోలు చేరువన కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు నాదస్వరమునకై శ్రీరంగము చేరి అచ్చటనే స్థిరపడినారు. సంగీత కళానిధి గౌరవము 1998లో, జీవిత చరమదశలో వచ్చినది. అంతకాలము ఆయనను నిలిపినది సాధనయే కదా!

మన కళాశాలలో పాడగల విద్యార్థినీ విద్యార్థులు లేకపోలేదు. వార్షికోత్సవమునకు పదిదినముల ముందు వారిని వెదకి పిలుతుము. చప్పట్లు కొట్టి, కప్పు చేతికిచ్చి, మరుసటి యేడు వరకు మరతుము. కమిటీ పెద్దలకు మా విన్నపమొకటి. బహుమతుల వ్యయములో కొంత మిగిల్చి ఒక హార్మోనియము, ఒక జత తబలా కొనవలెను. ప్రతి సాయంకాలము ఒక గంటసేపు ఒక గది తాళము తీసియుంచవలెను. ఆ గది తలుపునకు లోపలివైపున గడియ కూడ ఉండవలెను. అభ్యాస సమయమున ప్రేక్షకులతో పనిలేదు.