పంక్తిలో వలపక్షం

మన ఊళ్ళలో పెళ్ళి భోజనాల్లో ఓ మర్యాద ఉంది. బంతిలో ఒకరికి లడ్డూ వేసి పక్కవాణ్ణి దాటిపోతే పెద్దవాళ్ళు ఊరుకోరు. "పంక్తిలో వలపక్షమేమిట్రా?" అని అక్కడే కేకేస్తారు. ఆ పాటి ఇంగితం ఇక్కడ అమెరికా బడుల్లో కరువైందని నా గోల.

మావాడు రెండో తరగతి. పల్లీలు, నువ్వులు పడవు. దురదతో పోయే వ్యవహారం కాదిది... గొంతు వాచి, ఊపిరాడక, నిమిషాల్లో ప్రాణం మీదకి రావచ్చు. అందుకే ఎపినెఫ్రిన్ ఇంజెక్షను ఎప్పుడూ వెంటే ఉంటుంది. ఇంట్లో పల్లీ చట్నీ, చిమ్మిలి మానేసి ఆరేళ్ళయింది. అదేం పెద్ద బాధ కాదు. బాధంతా క్లాసులో జరిగే పుట్టినరోజులతోనే!

ఇరవైమందికీ కప్ కేకులు. వీడికి మాత్రం సెప్టెంబరులో మేమిచ్చి ఉంచిన బిస్కెట్ పాకెట్టు. 2023 జనవరి నుంచి పాకెట్ల మీద నువ్వుల పేరు కూడా రాసి తీరాలి కాబట్టి బిస్కెట్లు చూసి కొనగలం. ఎవరింట్లోనో చేసిన కేకుకి లేబులెక్కడిది? "పాపం, ఏమనుకోడండీ, అలవాటైపోయింది" అంటారు టీచరు. ఏడేళ్ళవాడికి అందరి మధ్యా విడిగా ఉండడం అలవాటైపోతే, అది మెచ్చుకోవలసిన విషయమా?

"ఒక్కడి కోసం అందరూ మానుకోవాలా?" అని తోటి తల్లిదండ్రుల ప్రశ్న. పండగ మానుకోమని ఎవరన్నారు? పెన్సిళ్ళు పంచండి, ఓ కథ చదవండి, పావుగంట ఎక్కువ ఆడుకోనివ్వండి. కేకు ఇంట్లో కోసుకోండి. బహుమతులుగా తిండి వద్దని 2013లో సీడీసీ మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

"వేరే బల్ల దగ్గర కూర్చోబెడుతున్నాంగా" అని బడివాళ్ళ సమాధానం. వేరే బల్ల వేసినంత మాత్రాన భద్రత వచ్చేసినట్టు కాదు. 2021లో అంతర్జాతీయ నిపుణులు కొందరు బడుల కోసం సూచనలు రాశారు. ఆధారాలు బలంగా లేవని ఒప్పుకుంటూనే, విడి బల్లల కన్నా, బడంతా నిషేధాల కన్నా సిబ్బందికి శిక్షణ, రాతపూర్వక ప్రణాళిక, బడిలో ఎపినెఫ్రిన్ నిల్వ మేలన్నారు. బల్ల వెయ్యడం తేలిక, శిక్షణ ఇవ్వడం కష్టం. మరి బడివాళ్ళు దేనికి మొగ్గుతారో నేను చెప్పాలా?

"మాకు చేతనైనంత చేస్తున్నాం" అన్న మాట వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇదేం దయాధర్మం కాదండీ! ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి బడికీ 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టం 504వ సెక్షన్ వర్తిస్తుంది. తీవ్రమైన ఎలర్జీ కూడా దాని కిందకి రావచ్చు. 504 ప్లాన్ కావాలని కాగితం మీద రాసి అడగండి. ఇంజెక్షను ఎక్కడుంటుందో రాయించుకుని ఊరుకోకండి. పుట్టినరోజులు, పార్టీలు, ఫీల్డు ట్రిప్పులు, బహుమతులు... అన్నిటి సంగతీ రాయించండి.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. వారాంతపు విందులో "కొంచెం తింటే ఏం కాదులే, మా చిన్నప్పుడు ఇవన్నీ ఎక్కడివి?" అంటూ పిల్లాడి చేతిలో నువ్వుల అరిసె పెట్టే పెద్దమనుషులకీ ఓ దండం. ఆ 'కొంచెం' తోనే ఆంబులెన్సు పిలవాల్సి రావచ్చు.

మీ పిల్లలకి ఏ ఎలర్జీ లేకపోతే మరీ మంచిది. మీ ఇంట్లో వచ్చే పుట్టినరోజుకి బడికి పెన్సిళ్ళు పంపండి. ఎవరూ అడక్కముందే పంపండి.