అలోన్, లోన్లీ

ఇంగ్లీషులో 'ఆల్', 'వన్' అనే రెండు మాటలు కలిసి 'అలోన్' అయినాయి. పక్కన ఎవరూ లేరనే దాని అర్థం. అందులో దిగులేమీ లేదు. దాని నుంచి 'లోన్', 'లోన్' నుంచి 'లోన్లీ' పుట్టాయి. లోన్లీ అంటే తోడు లేదని మనసు బెంగపడటం. హాయినిచ్చే ఏకాంతాన్ని 'సాలిట్యూడ్' అంటారు. అది లాటిను నుంచి వచ్చిన మాట.

నేను హెడ్మాస్టరుగా ఉండగా ఒక కుర్రవాడు హాస్టల్లో తాను 'లోన్లీ' అని వ్యాసంలో రాశాడు. గదిలో పదిమంది ఉండగా ఒంటరితనమేమిటని ఆ మాట కొట్టేశాను. సాయంత్రం వాడు అరుగుమీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. తప్పు వాడిది కాదు, నాదే! మర్నాడు మార్కు దిద్దాను.

నలుగురిలో ఉన్నా 'లోన్లీ' కావచ్చు. మీ తరగతిలో అటువంటివాడుంటే, ఆటకు పిలవండి.