గూడుబండియు కేంపరు వ్యానును

ములకలపల్లి అడవిదారిన శ్రీరామనవమికి భద్రాద్రి చేరుటకై, వరిగడ్డి పఱచి, పైన వెదురుతడికల గూడు వంచి, వంటపాత్రలను, నీళ్లకుండను, పసిపిల్లలను ఎక్కించుకొని కదలిన ఎడ్లబండ్లనాటి యాత్రికునకు, కేంపరు వ్యానులో పడక యొకటి, పొయ్యి యొకటి, నీళ్లతొట్టి యొకటి మాత్రమే అమర్చి, ఆ లేమికే నిరాడంబరత యని పేరిడి, కర్మాగారమువారు లక్షలకు లక్షలు గైకొనుట వింతగానే తోచియుండును. తలంపు మాత్రము క్రొత్తది కాదు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వాగన్ వ్యానును 1951లోనే యిట్టి సంచారగృహముగ మలచినది, కేరళ ప్రభుత్వము 2021లో కారవాన్ పర్యాటక విధానమును ప్రకటించినది.

ఊరి వడ్రంగిచేత చవుకగా చేయించుకొందమనువారు, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను వాహనస్వరూపమును యథేచ్ఛగా మార్చనీయదని మఱవరాదు. గ్యాసుపొయ్యి ప్రక్కనే నిదురించువానికి ఆ కట్టుబాటు ప్రాణరక్షకమే. ఆ భద్రతకు వెల యిచ్చుట న్యాయము.

అయినను, ఏడాదికి నాలుగు దినములు పాపికొండలకో పర్ణశాలకో పోయి, తక్కిన కాలమెల్ల వాకిట ఎండకెండు బండికై అప్పుచేయుట నాకు సమ్మతము కాదు (నాటి యెద్దులైనను పండుగ గడచిన పిదప పొలము దున్నెడివి). నాలుగు కుటుంబములు కలిసి కొనుడు. లేదా అద్దెకు తెచ్చుకొనుడు.