ఇన్సులిన్ మానొద్దు!

మా పాపకు తొమ్మిదేళ్లు. టైప్-1 మధుమేహం ఉంది. పేగుల్లోని ఫంగస్ వల్లే ఈ జబ్బు వస్తుందనీ, దాన్ని పోగొడితే ఇన్సులిన్ అక్కర్లేదనీ బంధువులు అంటున్నారు. నిజమేనా?
- ఓ పాఠకురాలు

కాదమ్మా. ఇన్సులిన్ మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. టైప్-1లో మన రోగనిరోధక వ్యవస్థే క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. ఫంగస్‌ను పోగొట్టినంత మాత్రాన ఆ కణాలు తిరిగిరావు.

ఇక కాండిడా అనే ఫంగస్ ఆరోగ్యవంతుల పేగుల్లోనూ ఉంటుంది. మంచి బ్యాక్టీరియా, రోగనిరోధక కణాలు దాన్ని అదుపులో ఉంచుతాయి. టైప్-1 ఉన్న పిల్లల్లో కాండిడా ఎక్కువగా ఉన్నట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. అయితే అది జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది ఇంకా తేలలేదు.

రక్తంలో గ్లూకోజు బాగా పెరిగితే తెల్ల రక్తకణాల పోరాటశక్తి తగ్గుతుంది. ఫంగస్‌కు అదే అదను. కాబట్టి వేళకు ఇన్సులిన్ ఇస్తూ గ్లూకోజును అదుపులో ఉంచడమే పాపకు అసలైన రక్షణ. డాక్టర్ చెప్పకుండా యాంటీబయాటిక్స్ వాడకండి. అవి మంచి బ్యాక్టీరియానూ చంపేస్తాయి. నోట్లో తెల్లటి పూత, మూత్రం వచ్చేచోట దురద ఉంటే డాక్టర్‌కు చూపించండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.