బొమ్మ ఎవరిది? పరిశోధన ఎవరిది?

నాటకం, పాట, బొమ్మ కూడా పరిశోధనా పద్ధతులేనని విద్యావేత్తలు ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. సంతోషమే. కానీ ప్రశ్నావళి పట్టుకుని వెళ్లిన మనమే రంగు పెన్సిళ్లు పట్టుకుని వెళ్తే సరిపోతుందా? అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ మధ్య ఉన్న సంబంధం మారిందా?

ముందు ఈ పద్ధతుల బలం చూద్దాం. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ 1973లో పెరూ దేశంలో అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశారు. అక్కడ ఒకామె తన కథ చెప్పింది. భర్త కొన్ని కాగితాలిచ్చి భద్రంగా దాచమన్నాడు. ఆమెకు చదువు రాదు. అనుమానం వచ్చి పొరుగింటామెతో చదివిస్తే, అవి అతని ప్రియురాలు రాసిన ఉత్తరాలని తేలింది. అతను ఇంటికొస్తే ఆమె ఏం చెయ్యాలి? ప్రేక్షకులు చెప్పిన సలహాలన్నీ నటులు ఆడి చూపారు. అతనితో స్పష్టంగా మాట్లాడి, తర్వాత క్షమించాలని ఒకామె చెప్పింది. నటి అలాగే చేసింది. ఆమెకు నచ్చలేదు. మళ్లీ చేసినా నచ్చలేదు. చివరికి ఆమెనే వేదికెక్కమన్నారు. ఆమె చీపురు అందుకుని, భర్త వేషంలో ఉన్న నటుణ్ణి చితకబాదింది. ఆ తర్వాతే క్షమించి, వెళ్లి భోజనం తెచ్చిపెట్టమంది.

కొట్టడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆమె మొదట చెప్పిన జవాబును మనమైతే ఏ గడిలో వేసుకునేవాళ్లం? 'సామరస్యంగా పరిష్కరించుకోవాలి' అన్న గడిలో! ఆ మాట వెనకున్న కోపం ఆమె శరీరం కదిలితే తప్ప బయటపడలేదు.

రాజస్థాన్‌లో 75 మంది గ్రామీణ స్త్రీలు కలిసి తయారుచేసిన 'శరీర్ కీ జాన్‌కారీ' మరో ఉదాహరణ. కాళీ ఫర్ విమెన్ దాన్ని 1989లో ప్రచురించింది. మొదట బొమ్మల్లో స్త్రీ ఒంటి మీద బట్టలు లేవు. ఊళ్లో ఆడమనిషి అలా ఎక్కడ కనిపిస్తుందని ఊరివాళ్లు అభ్యంతరం చెప్పారు. అప్పుడు బట్టలు కట్టుకున్న స్త్రీనే గీసి, పైనున్న కాగితం ఎత్తితే శరీరం కనిపించేలా మార్చారు. అక్కడ బొమ్మ ఎలా ఉండాలో నిర్ణయించింది పరిశోధకులు కాదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట కూలికి వెళ్లే స్త్రీలను తమ ఇళ్లు గీయమన్నాను. ఒకామె తలుపు లేని ఇల్లు గీసి, గోడ పక్కన తనను నిలబెట్టుకుంది. ఆ బొమ్మను సెమినార్‌లో చూపించి మెప్పు పొందాను. మళ్లీ ఆ ఊరికి వెళ్తే ఆమె అడిగింది: "నా బొమ్మ ఎవరెవరికి సూపినవ్ అక్కా? మా ఆయన సూడలే గద?"

ప్రశ్నావళిలో పేరు తీసేస్తే మనిషి చాలావరకు మరుగున ఉంటుంది. నాటకంలో మొహం దాగదు, బొమ్మలో చేతిరాత లాంటి గుర్తు దాగదు. వేషం విప్పాక ఆమె వెళ్లేది ఆ ఇంటికే. కళ ఎంత బయటపెడుతుందో అంత ప్రమాదంలోకీ నెడుతుంది.

అందుకే కొన్ని నియమాలు ముందే పెట్టుకుందాం. బొమ్మ గీసినామె దగ్గరే ఉండాలి, మనకు నకలు చాలు. ఎవరికి చూపాలో ఆమె చెప్పాలి. ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలగాలి. నాటకం మర్నాడు ఆమెకు ఇబ్బంది వస్తే పక్కన నిలబడే సంఘం లేనిచోట ఆ నాటకం ఆడించకూడదు. మన విశ్లేషణ సెమినార్ కంటే ముందు ఆ ఊరి అరుగు మీద చర్చకు రావాలి.

ఇంత చేస్తే పరిశోధన ఆలస్యమవుతుందంటారు. కానివ్వండి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు లేకుండా నిలబడటం కంటే అది నయం.