పఠనము – స్వతంత్ర భావన

పరీక్షలో ఉత్తీర్ణుడగుట వేరు, విద్యావంతుడగుట వేరు. మొదటిదానికి ఇతరులు వ్రాసి ఇచ్చిన సమాధానాలు చాలును. రెండవదానికి మనదైన ప్రశ్న కావలెను. ఆ ప్రశ్నను పుట్టించునది పఠనమే. నేడు విద్యార్థులలో పలువురు చదువును గైడు పుస్తకంతోను, లోకజ్ఞానాన్ని సెల్‌ఫోనుకు వచ్చిన సందేశాలతోను ముగిస్తున్నారు. పదిమంది అన్నదే నిజమని తలయూపే అలవాటుకు ఇదే నాంది.

మన ప్రాంత చరిత్ర మరొక మార్గాన్ని చూపుతున్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలసినవి. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు మొదట సమకూర్చినది పుస్తకాల గదిని. ప్రజలలో చైతన్యం రావలెనన్న, ముందు వారి చేతికి పుస్తకం రావలెనని ఆ పెద్దలు గ్రహించినారు.

వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం ఇందుకు గొప్ప నిదర్శనం. పేదరికం వలన ఆయన ఒకరి ఇంట వంట చేసి, హోటలులో పనిచేసి, స్వయంకృషితో చదువుకొన్నారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినారు. పట్టాలు లేని ఆ మనిషి 'ప్రజల మనిషి' నవలను వ్రాసినారు. ఆయనకు విశ్వవిద్యాలయం పుస్తకమే.

తెలంగాణలో కవులు లేరన్న మాట వినిపించినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వట్టి ఆగ్రహంతో ఊరుకొనలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించినారు. విన్నమాటను పరిశీలించుట, ఆధారాలు వెదకుట, పిమ్మట బదులు చెప్పుట – స్వతంత్ర భావన యనగా ఇదియే.

పుస్తకం చదివినవారందరూ స్వతంత్రులేనా అని కొందరు ప్రశ్నింపవచ్చును. కారు. ఒకే పుస్తకాన్ని, ఒకే పక్షాన్ని చదివేవాడు ఆ పుస్తకానికి బందీ అవుతాడు. దానితో విభేదించే రెండవ పుస్తకాన్ని తెరచిననాడే తులనాత్మక దృష్టి కలుగును. ఈ విషయంలో ఉర్దూ, తెలుగు రెండూ నేర్చిన మన విద్యార్థులు అదృష్టవంతులు. మాడపాటి హనుమంతరావు, సామల సదాశివ వంటివారు ఈ రెండు భాషల సంపదనూ తమదిగా చేసుకొన్నారు. 1891లో అసఫియా పేరుతో వెలసి, నేడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్న సంస్థ ఇరుభాషల వారికీ తలుపులు తెరచియే ఉన్నది.

అయితే ప్రతివాడూ అంతదూరం పోగలడా? కొంపల్లి, మేడ్చల్ పరిసరాలలో మేడలు లేచినవి, ఫంక్షన్ హాళ్ళు వెలసినవి. వాటికి తగినట్లు పఠనమందిరాలు పెరుగలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం మూలంగా మన తల్లిదండ్రులు ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నారు. కనుక మన పేటలో పుస్తకాల గది కావలెనని అడుగుట యాచన కాదు, హక్కు.

విద్యార్థులారా! ఆ హక్కును అడగండి. అది దక్కేలోగా కళాశాల గ్రంథాలయాన్ని విడువకండి. నెలకు రెండు పుస్తకాలు చదవండి. ఒకటి మీ అభిప్రాయాన్ని సమర్థించేది, మరొకటి దానిని ప్రశ్నించేది. ఆ రెంటి నడుమ మీరు చేసే ఆలోచనే మీ సొంత ఆస్తి.